చివరి కుర్చీలో ఆవిడ

చిజురు బియ్యం కడిగిన మూడో నీళ్ళు వంపుతుంటే వెనక నుంచి భర్త తొకుజి అన్నాడు, "ఏప్రిల్ నుంచి నువ్వు పదింటికి కొత్త కొట్టులో అన్నం వండి, వెనిగర్ కలిపేసి, పదకొండున్నరకల్లా ఇక్కడికి వచ్చెయ్యాలి. సాయంత్రం మళ్ళీ అంతే. మధ్యలో రెండు స్టేషన్లే కదా."

వెళ్తావా అని అడగలేదు. ఆమె కూడా అలవాటు కొద్దీ "సరేనండీ" అంది. ఫిబ్రవరి నెల టోక్యో నీళ్ళు ఎముకల్ని కొరకాలి. ఆ మాట అన్నాక మాత్రం కుళాయి కింద చేతులకి చలి తెలియలేదు. అసలు చేతులే తెలియలేదు.

వాళ్ళ సుషీ కొట్టులో ఉన్నవి ఎనిమిది కుర్చీలే. అందులో ఒకటి దొరకాలంటే రెండు నెలల ముందు చెప్పుకోవాలి. ఏం కావాలని అడగడం ఉండదు. తొకుజి పుల్లటి అన్నం ముద్ద మీద పచ్చి చేప ముక్క పెట్టి, ఒక్కొక్కటిగా చేత్తో ఒత్తి ఏది ముందు పెడితే అది కళ్ళు మూసుకుని తిని, ఆహా అనాలి. వంటగది గుమ్మానికి ఒక తెర. దానికి అవతల తొకుజి, ఇవతల చిజురు. పెళ్ళయి వచ్చిన వారానికే అత్తగారు చెప్పేసింది. "ఆడవాళ్ళ చేతులు వెచ్చన. చేప పాడైపోతుంది. వడ్డన మొదలయ్యాక నువ్వు తెర దాటి రాకు. నేను దాటానా?" అన్నం మాత్రం ఒంటి వేడి మీద ఉండాలి కాబట్టి, దానికి ఆ వెచ్చటి చేతులు చక్కగా పనికొచ్చాయి. పాత బియ్యం ఎంత, కొత్త బియ్యం ఎంత, ముసురు పట్టిన రోజు నీళ్ళు ఎంత తగ్గించాలి, అన్నీ గింజ పట్టుకుని చూసి ఇరవై ఆరేళ్ళుగా చిజురు తేలుస్తోంది. "ఇది మా నాన్న నేర్పిన లెక్కండీ" అని తొకుజి తెర అవతల చెబుతుంటాడు. ఆ మాట వినపడినప్పుడల్లా ఆమె అన్నం ఆరబెట్టే విసనకర్ర కాస్త గట్టిగా విసురుతుంది, అంతే. ఆ కుర్చీల్లో ఒక్కసారైనా కూర్చోలేదు. చేప తోకలు, అంచులు గిన్నె కడిగే తొట్టి దగ్గర నిలబడి తినడమే ఆమె ఎరిగిన భోజనం.

ఆ మధ్యాహ్నం ఏడుగురే వచ్చారు. చివరి కుర్చీ ఆయన జ్వరమని ఫోన్ చేశాడు. నడుమ కూర్చున్నది ఒనుకి గారు, కొత్త కొట్టుకి చోటిస్తున్న భవనం యజమాని. అన్నీ నచ్చితే ఇవాళే మాట ఖాయం. ఖాళీ కుర్చీ పక్కన హిసానో గారు. పదకొండేళ్ళుగా వస్తున్న డెబ్బై ఏళ్ళ ఆవిడ.

మూడో ముక్క వడ్డించాక హిసానో గారి గొంతు వినిపించింది.

"మాస్టారూ, ఈవిడకి ఒక్కటీ పెట్టలేదేం?"

"ఎవరికండీ?"

"ఇదిగో, నా పక్కనావిడకి."

ఒనుకి గారు నవ్వాడు. "హిసానో గారూ, పట్టపగలే ఎక్కించేశారా?"

"నేను తాగింది టీ నాయనా. మీ కళ్ళకి ఆడమనిషి ఎప్పుడు ఆనింది గనక!" అంది ఆవిడ. తర్వాత గొంతు తగ్గింది. "ఎవరమ్మా అంటే పలకదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మోచేతుల దాకా తడి. ఎడమ మణికట్టు మీద అడ్డంగా కాలిన మచ్చ..."

తెర వెనక విసనకర్ర ఆగిపోయింది. అత్తగారనే అనుకుంది చిజురు. ఆవిడ పోయి ఐదేళ్ళు. ఆవిడా ఆ కుర్చీల్లో కూర్చోకుండానే పోయింది. కానీ అత్తగారికి మచ్చ లేదు. మచ్చ తనది. పెళ్ళయిన మూడో ఏట గుడ్డు అట్టు పెనం అంచు తగిలి, చర్మం ఊడి వచ్చినప్పుడు, తొకుజి పరిగెత్తుకొచ్చి, "అట్టు మాడలేదు కదా?" అన్నాడు. చిజురు మణికట్టు ఎత్తి చూసుకుంది. మచ్చ ఉంది. దాని మీద ఇంకో చేత్తో నొక్కితే నొక్కినట్టే లేదు. ఎదురుచూసి ఎదురుచూసి బతికున్న మనిషి లోంచే ప్రాణం లేచి వెళ్ళి, తనకి కావలసిన చోట కూర్చుంటుందని చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పేది. వెళ్ళినట్టు ఆ మనిషికే తెలియదట.

తెర సందులోంచి చూసింది. కుర్చీలో ఎవరూ లేరు. మెత్త మాత్రం మనిషి కూర్చున్నట్టు అణిగి ఉంది. దాని అంచు నుంచి ఒక్కొక్క చుక్కా నేల మీద పడుతోంది. పదకొండేళ్ళు తలుపు దగ్గర మోకరిల్లి స్వాగతం చెప్పినా, ఆ మచ్చ చేతుల్తోనే టీ అందించినా, హిసానో గారు ఆ మనిషిని గుర్తుపట్టలేదన్న సంగతి అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

"ఆ కుర్చీ ఖాళీయేనండీ," అంటున్నాడు తొకుజి నవ్వు పులుముకుని. వెంటనే తెరలోంచి అతని అరచెయ్యి లోపలికి వచ్చింది. "అన్నం!"

ఇటు తిరిగి చూడకుండా చాపిన చెయ్యి. చిజురు దాన్ని చూస్తూ నిలబడింది. ఒక్క కొట్టుకే తనలోంచి ఇంత లేచి వెళ్ళిపోయింది. ఏప్రిల్లో రెండో కొట్టు. అప్పుడింకెంత పోతుంది? ఇక్కడ పొయ్యి దగ్గర మిగిలేదేమిటి?

ఆమె ఏప్రాన్ ముడి విప్పి, ఆ చేతిని తప్పించుకుని, తెర దాటింది.

హిసానో గారు ఆమె మొహం చూసింది, కుర్చీ చూసింది, మళ్ళీ మొహం చూసింది. చేతిలో కప్పు కింద పెట్టేసింది. "అమ్మా... ఇందాకటి నుంచీ..."

"అవునండీ, నేనే," అంది చిజురు, కూర్చుంటూ. మెత్త మంచులా ఉంది. కూర్చున్న కాసేపటికి వేలి కొసల్లో సూదులు గుచ్చినట్టు నొప్పి మొదలై, ఒక్కొక్క వేలూ తెలిసింది.

"ఏం చేస్తున్నావ్?" పళ్ళు బిగించి అన్నాడు తొకుజి. "అన్నం ఏది?"

"చెక్క తొట్టిలో ఉంది. ఈ పూటకి సరిపోతుంది. రేపటి నుంచి మీరే వండుకోండి. ఇక్కడా, అక్కడా."

ఒనుకి గారు ముక్క నోటి దాకా తెచ్చి ఆపాడు. "అదేంటి మాస్టారూ, వండేది మీరే కదా?"

తొకుజి చిజురు వైపు వంగాడు. గుసగుసగానే అడిగాడు గానీ, ఎనిమిది కుర్చీల గదిలో అది అందరికీ వినిపించింది.

"నీళ్ళు... ఎంత పొయ్యాలి?"