ఊగే నేల

తెరెతియా ఓడ దిగి పద్నాలుగు నెలలైంది. కాళ్ల కింద నేల మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది.

మూడేళ్లు విహార నౌకలో గదులు శుభ్రం చేసి అబయాంగ్ దీవికి తిరిగొచ్చినప్పుడు, అందరికీ ఉన్నట్టే రెండు రోజులు తూలినట్టు ఉంటుందిలే అనుకుంది. నెలలు గడిచాయి. పడుకుంటే మొగలాకు చాప కింద నేల మెల్లగా లేచి దిగుతోంది. నడవాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలి. సావిడి ముందు నుంచి వెళ్తే మగవాళ్లు నవ్వేవారు.

"పొద్దున్నే కల్లు పట్టించావేంటే? మాకూ కాస్త మిగల్చకపోయావా!"

తూలడం చెవుల్లో లోపం వల్లేమోనని రాజధాని తరావా వెళ్లి చెవుల డాక్టరుకు చూపించుకుంది. "చెవులు బాగానే ఉన్నాయమ్మా. నీ మెదడు ఓడకి అలవాటుపడి, దాన్ని మర్చిపోలేకపోతోంది. కొందరికి దానంతటదే పోతుంది" అన్నాడాయన.

"పోనివాళ్లకో?"

ఆయన తల వంచుకుని వికారానికి మాత్రలు రాసిచ్చాడు.

ఆమె ఉంటున్న అక్క కైంటోవా ఇల్లు బడి పక్కనే. బావ బ్వెరెటి ఆ బళ్లో పంతులు. ఒకరోజు అతను పిల్లలకు చెబుతున్న పాఠం ఆమె చెవిన పడింది. అతను అన్నానికి రాగానే అడిగింది.

"బావా, భూమి ఎంత జోరుగా తిరుగుతోంది?"

"మన దగ్గరైతే గంటకి పదహారువందల కిలోమీటర్ల పైమాటే. భూమి నడుం మీద ఉన్నాం మరి, మనల్ని మించినవాళ్లు లేరు. అది చాలక సూర్యుడి చుట్టూ పరుగొకటి!"

"మరి మీకెవరికీ తెలీదేం?"

"కుదుపుంటేగా మరదలా తెలిసేది! ఇల్లూ, గాలీ, సముద్రం, మనం అంతా ఒకే జోరుతో కలిసి పోతున్నాం. అల లేని రోజు ఓడ గదిలో తలుపేసుకుంటే, కదులుతోందని నీకు తెలిసేదా?"

తెరెతియా చేప ముల్లు తీసి పక్కన పెట్టింది. ఇన్నాళ్లూ మనసులో పెట్టుకున్న మాట అప్పుడు బయటపెట్టింది.

"నాకు తెలిసేది అదేనేమో బావా. మీకెవరికీ అందనిది నా ఒక్కదానికే అందుతోందేమో."

ఎప్పుడూ ఆటపట్టించే బావ నవ్వలేదు. అవునంటాడేమోనని ఆమె ఆశగా చూసింది.

"కాదమ్మా. భూమి ఊగదు. నీకు తెలిసే ఊపు బయట ఎక్కడా లేదు."

నిజంగా ఉన్నదైతే ఎలాగోలా భరించేదాన్ని అనుకుంది తెరెతియా.

పడవలో కూర్చున్నంతసేపే ఆ ఊపు ఆగేది. ఒడ్డుకొస్తే రెట్టింపయ్యేది. మళ్లీ ఓడ మీద పనికే పోదామని అర్జీ పెట్టుకుంది. వైద్య పరీక్షలో కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమన్నారు. నిలబడలేక పడిపోయింది. పని రాలేదు. తరువాత, దిగాక పడే అవస్థకు తాళలేక పడవ ఎక్కడం కూడా మానేసింది. రోజూ "ఎలా ఉందే?" అని అడిగే అక్క కూడా అడగడం మానేసింది.

ఆదివారం ప్రార్థనలో అందరూ పాటకు లేచి నిలబడితే, ఆమె వెనక స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంటుంది. కొత్తగా వచ్చిన పాస్టరు ఆమె కాళ్లు పనిచేయవనుకుని, మెత్తటి చాప తానే తెచ్చి వేశాడు.

ఆమె కాదనలేదు.