భూమిక పుట్టినరోజుకు ఏనుగొచ్చింది

పొద్దుగాల లేచి వాకిలి ఊకి, పాల ప్యాకెట్ తెచ్చి, చాయ్ గ్లాసు పట్టుకొని గడపల కూసుంటేగాని సృజనకు తెల్లారినట్టు ఉండదు. జమ్మికుంటల పత్తి మార్కెట్ వెనుక గల్లీల ఉంటది వాళ్ల ఇల్లు. పత్తి దినాలు మొదలైతే బండ్ల మీదికెళ్లి ఎగిరొచ్చిన దూది ఆ గల్లీల గడపలకు, దండెం మీది బట్టలకు, ఆఖరుకు చాయ్ మీది మీగడకు గూడ అంటుకుంటది. సృజన చాయ్‌ల పడ్డ దూది పోగును వేలితోటి తీస్తుండంగ బిడ్డ భూమిక నిద్ర కండ్లతోటి వచ్చి ఒళ్ల వాలింది.

"అమ్మా, నా బర్త్‌డే కథ లెక్క చేస్తవా?"

"కథ లెక్కంటే ఎట్ల?"

"తలుపు కాడ పే...ద్ద పుస్తకం ఉండాలె. అందరు పుస్తకంల నుంచే లోపలికి రావాలె. లోపల అడివి ఉండాలె. అడివిల నాయినమ్మ ఏనుగు ఉండాలె."

నాయినమ్మ ఏనుగంటే తుమ్ము పోగొట్టుకున్న ఏనుగు. ఆ కథ పోశవ్వది. సృజనకు అత్త, భూమికకు నాయినమ్మ అయిన పోశవ్వ కథ చెప్తే, కథల ఉన్నది వాకిట్లకు వచ్చేది. పిచ్చుకంటే పిచ్చుక, కుందేలంటే కుందేలు. కథ ఒడిసినంక దాని తొవ్వల అది పోయేది. గల్లీల అందరికీ ఎరుకే. పక్కింటి దేవవ్వ ఒక్కతే అప్పుడప్పుడు గోడ మీదికెళ్లి మొత్తుకునేది.

"ఓ పోశక్కా! నీ నక్క మా కోళ్ల దిక్కు సూస్తున్నది. జర జల్ది ఒడగొట్టు కథ!"

పోశవ్వ రెండు ముక్కలల్ల కథ ఒడగొట్టేది. నక్క గోడ దుంకి పోయేది.

ఏనుగు కథ మాత్రం పోశవ్వ ఎన్నడూ గొంతు ఎత్తి చెప్పలే. పండుకున్నప్పుడు పిల్ల చెవుల గుసగుసగ చెప్పేది. గుసగుస కథకు ఏనుగు రాదు, ఏనుగు వాసన వస్తది. తడిగడ్డి, బురద కలిసిన వాసన. ఆ వాసనల్నే భూమిక నిద్రపోయేది.

"అత్తా, ఏనుగు మన వాకిట్ల పడుతదా?" అని అడిగింది సృజన.

పోశవ్వ వాకిలిని ఈ మూలకెళ్లి ఆ మూల దాకా కండ్లతోనే కొలిసింది. "గున్న ఏనుగు అని చెప్త తియ్యి. బండి బయట పెట్టు, దండెం ఇప్పెయ్యి. నీళ్ల డ్రమ్ము నిండుగ ఉంచు."

ఇగ అప్పటి నుంచి సృజన కాళ్లు భూమ్మీద ఆగలే. దేవవ్వ మొగుడు రాజేశం జిన్నింగు మిల్లుల పని చేస్తడు. ఆయన ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టడబ్బా ఒకటి, సంచి నిండ దూది తెచ్చిచ్చిండు. సృజన అట్టను చీరి, తలుపంత ఎత్తు పుస్తకం చేసింది. కిటికీలకు ఏసినంక మిగిలిన నీలం రంగు అట్టకు ఏసింది. లోపలి కాగితాలకు పాత తెల్ల దుప్పట్లు కోసి వేలాడదీసింది. పచ్చ చీరెలు చెట్లైనయి, దూది మబ్బులైంది. కోతుల మొఖాలు, చిలుకల ముక్కులు కత్తిరిస్తుంటే గల్లీల పోరగాండ్లందరు బడి ఇడువంగనే అక్కడనే ఉంటుండె.

"నాకు పులి మొఖం!"

"నిన్న నువ్వే చిలుకంటివి గదరా?"

"చిలుక అద్దు, పులి!"

మొగుడు గల్ఫుకు పోయినకాడికెళ్లి సృజన ఇంత నవ్వింది లేదు. భూమిక పాకుతుండంగ పోయిండు కరుణాకర్. మస్కట్‌ల కట్టే బిల్డింగులకు ఇనుప సలాకలు కడుతడు. భూమికకు బాపంటే ఫోన్‌ల మొఖమే. ముద్దు పెట్టిన ప్రతిసారి ఫోన్ అద్దం తడి అయితది, సృజన కొంగుతోటి తుడుస్తది.

ఒకనాడు బువ్వ యాళ్లకు ఫోన్ చేసిండు.

"ఏనుగుకు తిననీకి ఏం పెడుతుండ్రు?"

"చెరుకు గడలు చెప్పినం. సర్వపిండి పెడితే తింటదంటవా?"

"అవ్వ చేసిన సర్వపిండి ఎవలు తినరు?" అని నవ్విండు. మల్ల నవ్వు ఆగింది. "సెలవు అడిగిన సృజనా. ఈపారి గూడ ఇయ్యలే."

సృజన "మంచిది తియ్యి, ఫోన్ల చూద్దువు" అన్నదిగని ఆమె చేతిలున్న కత్తెర చిలుక ముక్కును అడ్డదిడ్డంగ కోసింది.

భూమిక ఇదంతా ఇన్నది. పోయి పోశవ్వ మోకాళ్ల నడుమ నిలవడ్డది. "నాయినమ్మా, ఏనుగుతోటి బాపును గూడ చెప్పవా?"

పోశవ్వ ఒలుస్తున్న చిక్కుడుకాయలు పక్కకు పెట్టింది. "బతికున్న మనిషిని కథల చెప్పద్దు బిడ్డా. వస్తడు, నిజమే. కథ ఒడిసినంక పోతడు గదా. ఒక్కపారి బస్సు ఎక్కిచ్చి వచ్చిన. రెండోపారి నాతోటి కాదు."

భూమిక పక్కకు పెట్టిన చిక్కుడుకాయలు తీసుకొని ఒలుసుడు పెట్టింది.

పుట్టినరోజు పొద్దు వాలుతుండంగ గల్లీ అంతా సృజన ఇంటి ముందే ఉన్నది. పిల్లలు ఒక్కొక్కరు నీలం పుస్తకం తెరిచి, దుప్పటి కాగితాలు జరుపుకుంట లోపలికొచ్చి అడివిని చూసి కేకలు పెట్టిండ్రు. కుక్కర్ల చేసిన కేకు తెరిచిన పుస్తకం లెక్క రెండు దిక్కుల ఒరిగింది. ఆకుల లెక్క కోసిన సర్వపిండి, మక్క గుడాలు, బెల్లం పాయసం వరుసగ పెట్టింది సృజన. ఫోన్‌ను కిటికీల నిలవెట్టింది. అండ్ల కరుణాకర్ తలకు పచ్చ టోపీ, వెనుక సగం కట్టిన గోడలు. పని నడుమ సాటుకు నిలవడి చూస్తుండు.

పోశవ్వ పీట మీద కూసొని గొంతు సవరిచ్చుకున్నది. "ఒకనాడు ఒక గున్న ఏనుగు నిద్ర లేచేసరికి దాని తుమ్ము కనవడలేదట..."

పుస్తకం కాగితాలు ఉబ్బినయి. గున్న ఏనుగు తొండం ముందు పెట్టి, ఒళ్లు ఒంచుకొని లోపలికొచ్చింది. పిల్లలు ఒక్క అరుపు అరిసిండ్రు. ఏనుగు కోతుల మొఖాలోళ్లను అడిగింది, చిలుకలోళ్లను అడిగింది. డ్రమ్ముల తొండం పెట్టి వెతికింది. దేవవ్వ సర్వపిండి అందిస్తే తిన్నది. ఆఖరుకు దూది మబ్బుల తొండం పెట్టంగనే దొరికింది దాని తుమ్ము. ఆ తుమ్ముకు వాకిట్ల దూదంతా లేచింది. తలల మీద, పాయసంల, పోశవ్వ కొప్పుల దూదే. అందరు నవ్వి నవ్వి కండ్లు తుడుసుకునేసరికి ఏనుగు పోయింది.

"ఇంకోటి! ఇంకోటి!" అని పిల్లలు మొత్తుకున్నరు.

"నేను చెప్త" అని భూమిక పీట ఎక్కింది. "అనగనగా ఒక బాపు ఉండెనట."

"అద్దు బిడ్డా!" అని పోశవ్వ చెయ్యి సాపింది. అప్పటికే భూమిక గొంతు గల్లీ దాకా ఇనవడ్డది.

"బాపు పుస్తకంల నుంచి వచ్చిండట."

దుప్పటి జరిగింది. పచ్చ టోపీ, సిమెంటు అంటిన బూట్లు, చేతిల సలాకలు కట్టే కొక్కెంతోటి కరుణాకర్ వాకిట్ల నిలవడ్డడు. కిటికీల ఫోన్‌ల ఒట్టి గోడలు కనవడుతున్నయి. అండ్లకెళ్లి ఎవరో "కరుణాకర్! అరే కిధర్ గయా?" అని ఒర్లుతుండు.

దేవవ్వ ఫోన్ అందుకున్నది. "బిడ్డ పుట్టినరోజు గద, ఇంటికొచ్చిండు" అని చెప్పి పెట్టేసింది. మల్ల ఆయన దిక్కు తిరిగి, "శాన సన్నవడ్డవ్ కొడుకా" అన్నది.

"బాపు కేకు తిన్నడట" అన్నది భూమిక.

సృజన కేకు ముక్క తీసి ఆయన నోటికి అందిచ్చింది. ఆమె వేళ్లు ఆయన గడ్డానికి తగిలినయి. గడ్డం గరుకుగ, ఎచ్చగ ఉన్నది. అప్పుడు ఆమెకు యాదికొచ్చింది. కథ నడుస్తున్నది. నడిసే కథ ఒడుస్తది.

"తర్వాత? తర్వాత?" అంటుండ్రు పిల్లలు. వాళ్ల నోళ్లు మూయాలనిపిచ్చింది సృజనకు. పోశవ్వ గోడ దిక్కు తిరిగి కూసున్నది. సృజన పీట పక్కకు కూలవడి బిడ్డ చెవుల చెప్పింది. "మెల్లగ చెప్పు బిడ్డా. తొందరేం లేదు."

"బాపు పాయసం తిన్నడట. దాంట్ల దూది ఉన్నా తిన్నడట."

కరుణాకర్ తిన్నడు.

"తర్వాత బాపు నన్ను ఎత్తుకున్నడట." ఆయన కొక్కెం కింద పడేసి ఎత్తుకున్నడు. పొద్దుగాలకెళ్లి గెంతిన పిల్ల, బాపు భుజం మీద తల పెట్టంగనే ఆవులిచ్చింది. "ఎత్తుకొని... ఎత్తుకొని ఏమో..."

అంతే. నిద్ర పోయింది.

దేవవ్వ పిల్లలందర్ని మునిగాళ్ల మీద నడిపిచ్చుకుంట బయటికి తీసుకపోయింది. కరుణాకర్ కదిలితే ఏమైతదోనని నిలవడ్డకాడనే నిలవడ్డడు.

"కాళ్లు గుంజుతలేవా?" అన్నది సృజన.

"గుంజుతున్నై."

"కూసో మరి."

ఆయన కూసున్నడు. పోశవ్వ గోడ దిక్కుకెళ్లి ఇటు తిరిగి, కొడుకు ఉన్నడని చూసి, ఆయన బూట్లు విప్పి గడప బయట పెట్టింది.

తెల్లారి భూమిక లేచేసరికి ముగ్గురూ ఆమె మొఖమే చూస్తుండ్రు.

"బిడ్డా," అన్నది పోశవ్వ మెల్లగ, "గా రాత్రి కథ..."

"ఒడువలే" అన్నది భూమిక. "పెద్దది అది. దినాం ఇంత చెప్త."

మస్కట్ దోస్తు ఒకడు సెలవుల మీద వచ్చినప్పుడు కరుణాకర్ బట్టల సంచి తెచ్చిచ్చిండు. రాజేశం మాట చెప్తే జిన్నింగు మిల్లుల పని దొరికింది. భూమిక ఇప్పుడు బడికి పోతుంది. పొద్దుగాల పాలు తాగుకుంట ఒక్క ముక్క చెప్తది. బాపు పంపు బాగు చేసిండటని, బాపు నాయినమ్మను దవాఖానకు తీసుకపోయిండటని. అట్లనే అయితది.

మొన్న సోమవారం, "బాపు నాకు జడలు ఏస్తడట" అన్నది.

సలాకలు కట్టి కట్టి గట్టివడ్డ వేళ్లతోటి కరుణాకర్ చానసేపు కూసొని ఏసిండు. ఒక జడ చెవు మీదికి లేచింది, ఇంకోటి మెడ మీదికి జారింది. గడపల చాయ్ తాగుతున్న సృజన చూసింది. లేచి సరి చేద్దామని దువ్వెన అందుకొని, మల్ల పక్కకు పెట్టింది. అట్లనే బడికి పంపింది.