ద్రాక్షారసం అని రాసిన బోర్డు

లేపాక్షి రోడ్డులో ఒక రిసార్టు వాళ్లు పెట్టిన తిండి పండక్కి పందిళ్లు వేసింది ఎర్రిస్వామి. కూలితో పాటు రెండు పాసులిచ్చారు. అవే లేకుంటే అతన్నీ, పెళ్లాం సువార్తనీ ఆ గేటు దాటనిచ్చే నాథుడు లేడు.

లోపల అన్నీ రుచి చూడ్డానికే. ఆకు దొన్నెలో గోలీకాయంత రాగి ముద్ద, దానిమీద వేలితో రాసినంత ఊరుమిండి పచ్చడి.

"ఏమయ్యా, ఇది తినేదానికా, దిష్టి తీసేదానికా?" సువార్త పడీపడీ నవ్వింది.

"ఇంగో నాలుగు తూర్లు లైన్లో నిలబడు, కడుపు నిండుతాది."

నిలబడ్డారు కూడా. ఉగ్గాని, నాటుకోడి, ఓళిగ ముక్క. పెళ్లయి ఇన్నేళ్లలో ఇద్దరూ పనీపాటా లేకుండా ఇంతసేపు నోరాడించింది లేదు.

అతను మందు మానేసి ఏడాది. ఇంకొక్క చుక్క నోట్లో పడితే మడకశిరలో పుట్టింటికి బస్సెక్కుతానని సువార్త చెప్పేసింది. చెప్పిందంటే చేసే మనిషి. ఆమె లేకుంటే తాను మళ్లీ మురిక్కాలవ పక్కన తేలతానని ఎర్రిస్వామికి తెలుసు.

చివరి పందిట్లో బోర్డు: 'ద్రాక్షారసం. రుచి చూడండి.'

వాళ్లిద్దరూ ఆ మాట విన్నది మందిరంలోనే. పాస్టరు ఎండుద్రాక్ష ఉడికించి, వడగట్టి, రొట్టెముక్కతో పాటు చిన్న గ్లాసులో పోసే తీపి నీళ్లు.

"ఈడ గూడా ఇస్తారా!" సువార్త కొంగు తలమీదికి లాక్కుంది. కళ్లు మూసుకుని గటగటా తాగింది. ఎర్రిస్వామి చెప్పులు విప్పి, తల వంచి, ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు.

నాలుక కొయ్యబారింది. మందు! పాత యజమానిని చూసిన కుక్కలా గొంతు తనంతట తానే ఎగిరింది. దవడలు బిగించి నిలబడ్డాడు. మింగితే సంసారం పోయినట్టే. పక్కన నల్లకళ్లద్దాలాయన నోట్లోది పుక్కిలించి, బల్లమీద అందుకే పెట్టిన బకెట్లో ఉమ్మేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఎర్రిస్వామీ తుప్పున ఉమ్మేశాడు.

"థూ, పాపిష్టోడా! ప్రభువు రక్తాన్ని ఉమ్ముతావా?" సువార్త అతని భుజం మీద ఒక్కటిచ్చింది. బల్ల వెనక నిలబడి పోస్తున్నామెకు గ్లాసు చాచింది. "మా పాస్టరుదానికన్నా బాగుండాదమ్మా. కడుపులో దీపం పెట్టినట్టుండాది. ఇంగొంచెం పొయ్యి."

చెబితే తన నోట్లో పడిందని ఒప్పుకోవాలి. చెప్పకపోతే ఆమె తాగుతుంది. గ్లాసు అప్పుడే నిండుతోంది.

"సువార్తా, అది మందు."

"నోర్ముయ్. బోర్డు మీద ఏం రాసినారో చూడుపో."

"హౌదమ్మా, వైనే," అంది బల్ల వెనకామె కన్నడ యాసలో. "తెలుగులో ద్రాక్షారసమనే కదా అంటారు?"

సువార్త మొహంలో రక్తం లేదు. ఎర్రిస్వామి ఆమెకు ఎదురుగా వచ్చాడు. "నేను మింగలేదే. ఉమ్మేస్తి. నీ కళ్లతో చూస్తివి గదా!"

ఆమెకు ఆ మాటలు వినబడినట్టు లేదు. గ్లాసులోకే చూస్తోంది.

"ఇంత బాగుంటాదా?" అంది మెల్లగా. "ఇన్నాళ్లూ నువ్వు తాగింది ఇదేనా?"

"యాడిది! నేను తాగింది కర్ణాటక మందు ప్యాకెట్టు. పేగులు కాలేది. మనట్లోళ్లకు ఇట్లాంటిది ఎవరు పోస్తారే?"

అతను నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. గ్లాసు పెదాల దాకా పోయి ఆగింది. ఆ ఆగడం ఎర్రిస్వామికి బాగా తెలుసు. ఏడాదిగా ప్రతి సాయంత్రం బ్రాందీ షాపు ముందర తన కాళ్లు ఆగేది అట్లాగే.

గ్లాసు లాక్కుని బకెట్లో కుమ్మరించాడు. ఆ ఎర్రటి ధార అయిపోయేదాకా ఆమె కన్నార్పలేదు.

"పా, బయటికి పోదాం," అన్నాడు చెయ్యి పట్టుకుని.

సువార్త కదల్లేదు.