ఊలత్త మెయిలు, వదిన మౌనం

ఊలు అమ్మే కొట్టు నడుపుతుంది గనుక ఆవిడను అందరూ ఊలత్త అనేవారు. తన దగ్గర ఊలు కొనే ఆడవాళ్ళకు వారానికో కొత్త అల్లిక నమూనా మెయిల్లో పంపడం ఆవిడకు సరదా. మొదట్లో ఆ మెయిళ్ళు ఆవిడను ముప్పుతిప్పలు పెట్టాయి. కొట్లోని కంప్యూటర్లో కుట్టుకో గడి చొప్పున గీసిన గళ్ళు తీరుగా, రంగులు ముచ్చటగా ఉండేవి. తీరా పంపాక ఒకరి ఫోనులో గళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పడేవి, ఇంకొకరికి బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా కనిపించేది. ఒకావిడ ఆ చెదిరిన గళ్ళనే నమ్ముకుని అల్లుకుంటూ పోతే స్వెట్టరు చెయ్యి ఒకటి మోకాలిదాకా వచ్చింది.

ఆ గొడవ తీర్చింది కోడలు. ఆఫీసులో ఆ పిల్ల చేసే పని మెయిళ్ళు తయారుచేయడమే. ఒక్కో మెయిల్ ప్రోగ్రాముకు ఒక్కో తిక్క ఉంటుందనీ, అన్నిట్లోనూ పరువు నిలవాలంటే గళ్ళను సాదా పట్టికగా కట్టాలనీ, ఏ గడి రంగు ఆ గడిలోనే రాయాలనీ, బొమ్మ రాకపోతే దాని బదులు కనిపించడానికి ఒక మాట పెట్టాలనీ చెప్పి, ఒక అచ్చు తయారుచేసి ఇచ్చింది. ఇక ఊలత్త వారం వారం అందులో కొత్త గళ్ళు నింపడమే.

మంచి ఫలితమే వచ్చింది. అల్లినవాళ్ళు ఫొటోలు పంపారు, మెచ్చుకున్నారు. వదిన మాత్రం ఉలకలేదు, పలకలేదు.

వదిన అంటే ఊలత్త అన్న భార్య. అన్న పోయాక, దూరాన ఉన్న తన చెల్లెలి దగ్గరికి మారిపోయింది. వెళ్తూ వెళ్తూ, మెయిల్లో పలకరించుకుంటూ ఉందాంలే అంది. వెళ్ళేవాళ్ళందరూ అలాంటి మాటే ఏదో ఒకటి అంటారని ఊలత్తకు తెలుసు. కొన్నాళ్ళు మాటలు నడుస్తాయి, తర్వాత పలచబడతాయి, ఏ రోజున ఆగాయో కూడా గుర్తుండదు. వదిన విషయంలో అలా కాదనుకుంది. నమూనా మెయిళ్ళు ఆవిడకూ వెళ్ళేవి, జవాబులూ వచ్చేవి. కానీ కొత్త అచ్చు మొదలైన దగ్గర్నుంచీ ఆవిడ జవాబులు ఆగిపోయాయి.

ఫోన్ చేయడానికి ఊలత్తకు భయం. తీరికలేదమ్మా అని పొడిగా అంటే ఆ మాట మోయలేదు. అందుకని తప్పు మెయిల్లోనే ఉండాలని పట్టుబట్టి కోడలి ప్రాణం తీసింది. పాత ఫోనులో తెరిపించింది, పక్కింటి వాళ్ళ కంప్యూటర్లో తెరిపించింది.

"అన్నిట్లో లక్షణంగా ఉంది అత్తయ్యా. ఇక అడగాల్సింది మెయిల్ని కాదు, ఆవిడని" అని కోడలే నంబరు నొక్కి ఫోను చేతిలో పెట్టింది.

"వదినా, నామీద కోపమా?" అంది ఊలత్త, క్షేమసమాచారాలు కూడా అడక్కుండా.

"కోపమెందుకే? నువ్వే కదా జవాబు వద్దన్నావు."

"నేనా?"

"'ఇది పరీక్ష. జవాబు ఇవ్వనక్కర్లేదు.' వారం వారం ఇదే పంపుతున్నావు. ఏదో నేర్చుకుంటోంది, మధ్యలో కదిలించకూడదని నోరు మూసుకున్నాను. ఇన్ని పరీక్షలు రాశావు, ఇంతకీ ప్యాసయ్యావా?"

పక్కనే వింటున్న కోడలు నాలుక కరుచుకుంది. ప్రతి మెయిల్లోనూ ఒకే విషయం రెండు రూపాల్లో కలిసి వెళ్తుందట, ఒకటి హంగులతో, ఒకటి ఉత్త అక్షరాలతో. చూసేవాళ్ళ ప్రోగ్రాము ఏదో ఒకటే చూపిస్తుంది. రంగులు కళ్ళకు గుచ్చుకుంటాయని వదిన తన పాత కంప్యూటర్లో ఉత్త అక్షరాలే వచ్చేలా పెట్టుకుంది. అచ్చు తయారుచేసేటప్పుడు కోడలు ఆ రెండో రూపంలో ఉత్తుత్తిగా ఒక వాక్యం కొట్టి, తీసేయడం మరిచింది. తెరిచి చూసిన చోటల్లా హంగుల రూపమే కనిపించింది గనుక అది ఎవరి కంటా పడలేదు.

ఆ మధ్యాహ్నం కొట్టు తలుపు దగ్గరికి వేసి ఇద్దరూ కూర్చున్నారు. గళ్ళను మాటల్లోకి మార్చారు. ఏ వరుసలో ఎన్ని కుట్లు సూటిగా వేయాలో, ఎన్ని తిరగేసి వేయాలో ఊలత్త చెబుతుంటే కోడలు టైపు చేసింది. పరీక్ష వాక్యాన్ని ఊలత్త తన చేత్తోనే తుడిచేసింది.

మెయిలు అందరికీ పంపాక, సాయంత్రం టీ తాగేలోపే వదిన జవాబు వచ్చింది. నాలుగో వరుసలో రెండు కుట్లు తక్కువ రాశావు, ఊరంతా తప్పు అల్లకముందే సరిచెయ్యి, నేనైతే చూసుకుని సరిగ్గానే వేశాను, ఆకుపచ్చ ఊలు సరిపోదేమో, ఇంకో రెండు ఉండలు పంపు అని రాసింది.

కోడలు తల పట్టుకుని, దిద్దిన మెయిలు వెంటనే అందరికీ పంపుదామంది.

"పంపుదాంలే, ఉండు" అంటూ ఊలత్త కుర్చీ ముందుకు లాక్కుంది. "ముందు మా వదినకి జవాబు రాయనీ."