గొట్టం మీద చెయ్యి

బిస్త్రిత్సా నది పొంగి రంపపు మిల్లును ఎత్తుకుపోయిన ఏడు అది. మిల్లుతో పాటు నా కారూ పోయింది. ఒడ్డున దుంగలు లాగుతూ జారిపడితే నా ఎడమ మెడ ఎముక విరిగింది. కారు కోసం బాధపడలేదు. ఎముక మాత్రం అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. దాని మీద తుపాకీ పటకా పడితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

నా తుపాకీ చాలా బరువైనది. అది మా మామగారిది. కొడుకు గాష్పెర్‌ను కాదని, కూతురు నేజ్కాను చేసుకున్న నాకిచ్చాడు. ఆ రోజు నుంచి గాష్పెర్‌కు నేనంటే పడదు. నేజ్కా బతికి ఉన్నన్నాళ్ళూ మా ఇంటికొచ్చి తిని, నన్ను తిట్టి పోయేవాడు. ఆమె పోయాక తినడం ఒక్కటే మానేశాడు.

మా వేట సంఘం కొండను వంతులు వేసి పంచుతుంది. ఎవరి వంతులో వాళ్ళు చలికాలం జంతువులకు ఉప్పు పెడతారు, వాటి మీద కన్నేసి ఉంచుతారు, మంచు పడేలోగా సంఘం కొట్టమన్నవి కొడతారు. అన్నిటికన్నా పై వంతు నాది. చెట్లు ఆగిపోయే చోటు నుంచి శిఖరం దాకా. అక్కడ ఒక గుడిసె ఉంది. నేనూ నేజ్కా కాపురం మొదలుపెట్టింది అందులోనే. ఆ వంతు పోతే ఆ గుడిసె తాళం కూడా ఇచ్చెయ్యాలి.

ఆ వేసవి సమావేశంలో గాష్పెర్ లేచి నిలబడ్డాడు.

"మా బావ ఇంక పైకి ఎక్కలేడు. తుపాకీ ఆయన మోస్తున్నాడో, తుపాకీయే ఆయన్ని మోస్తోందో తెలియట్లేదు. ఆ వంతు మా అల్లుడికి ఇవ్వండి. బావకి కింద మొక్కజొన్న చేల దగ్గర పందుల కాపలా ఇవ్వండి. కూర్చునే పని."

సంఘానికి పెద్ద రొజాలియా. పశువుల డాక్టరుగా చేసి మానేసిన మనిషి. ఎవరికీ భయపడదు. నా వైపు తిరిగి, "ఏమంటావు యెర్నెయ్?" అంది.

"ఎక్కుతాను" అన్నాను.

"అయితే మొదటి మంచు లోపల ఒక ముసలి ఆడ కొండమేకను కొట్టు. పిల్ల ఉన్నది కాకూడదు. ఒకే దెబ్బ, శుభ్రంగా. అలా అయితే వంతు నీది. లేకపోతే అతని అల్లుడిది. సాక్షిగా ఎవరు వెళ్తారు?"

"ఇంకెవరు, నేనే" అన్నాడు గాష్పెర్.

తేలిక తుపాకీ కొనక తప్పలేదు. వరద రోడ్డును కోసేసింది. బస్సు లేదు. దొడ్డిదారిన పట్నం పోగలిగేది గాష్పెర్ జీపు ఒక్కటే. అడక్కుండానే వచ్చి గుమ్మం ముందు హారన్ కొట్టాడు.

"ఎక్కు బావా. నీ మీద ప్రేమతో కాదులే. కొత్తది నీ చేతికొస్తే మా నాన్నది మా ఇంటికి రావాలి."

"రాదు."

"ఏం చేసుకుంటావు దాన్ని? పెట్టెలో పెట్టి నీతో పాటు పూడ్పించుకుంటావా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. దారంతా ఒక్కడే మాట్లాడాడు. నేను గుంట వచ్చిన చోట మాత్రం "గుంట" అన్నాను.

దుకాణదారు పేరు ఓజ్బెయ్. ఓపికస్తుడు. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి మూడు తుపాకులు పెట్టాడు. మూడూ బోల్టువే, ఒక్కో తూటాకీ చేత్తో లాగి తోసేవి. మొదటిది అన్నిటికన్నా తేలిక. దాని గొట్టం నల్లటి కార్బన్ నారతో చుట్టి ఉంది.

"ఎత్తి చూడండి పెద్దాయనా. రొట్టె ముక్క ఎత్తినట్టు ఉంటుంది."

ఎత్తాను. నిజమే.

"బాగుంది, పిల్లల బొమ్మలాగా" అన్నాడు గాష్పెర్. "బావా, దానికి చక్రాలు కూడా బిగించమని అడుగు."

నేను బోల్టు లాగి తోశాను. చేతి తొడుగు వేసుకుని మళ్ళీ లాగి తోశాను. తొడుగుతో బోల్టు పిడి దొరక్కపోతే ఆ తుపాకీ మంచులో పనికిరాదు. దొరికింది. ఆ తర్వాత దుకాణం వెనకాల ఉన్న మెట్లు ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. ఆయాసం పట్టాక దిగి వచ్చి, వీధి అవతలి చర్చి గడియారానికి గురిపెట్టాను. దుకాణదారు ఏమనుకున్నాడో గానీ అడ్డం చెప్పలేదు. తుపాకీ మూతి నా గుండెతో పాటే ఎగిరింది. గడియారంలో ముల్లు ఒక చోట నిలవలేదు.

"కొండెక్కేటప్పుడు తేలిక, గురి పెట్టేటప్పుడు గాలి" అన్నాడు గాష్పెర్. వాడు చెప్పింది నిజం. అందుకే ఒళ్ళు మండింది.

రెండోది కొంచెం బరువు. సన్నటి ఉక్కు గొట్టం. పిడి ప్లాస్టిక్కుది. మళ్ళీ మెట్లు ఎక్కి దిగాను. ఈసారి మూతి ఎగిరింది గానీ మళ్ళీ చోటికి వచ్చి కూర్చుంది. కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తి కళ్ళు తెరిస్తే, తుపాకీ మీది దుర్భిణి సరిగ్గా కంటి ముందే ఉంది. మెడ చాచక్కర్లేదు.

"తూటా ఏది?" అని అడిగాను.

"సన్నది. దూరం పోతుంది, తక్కువ తంతుంది. ఇంత తేలిక తుపాకీలో పెద్ద తూటా పెడితే మీ భుజం ఒప్పుకోదు."

"మా బావ భుజం దేనికీ ఒప్పుకోదు" అన్నాడు గాష్పెర్. "మూతికి ఆ తన్ను తగ్గించే గొట్టం ఒకటి బిగిస్తారుగా, అది పెట్టించు."

"ఆ మోతకి చెవులు పోతాయి" అన్నాను.

"నీకెలాగూ వినపడదు."

"నీ కుక్కకి వినపడుతుంది."

వాడి వేట కుక్క ఆరా అంటే వాడికి ప్రాణం.

మూడోది ముట్టుకోలేదు. అది అక్రోటు కర్రది, అందంగా ఉంది. అందం బరువు. రెండోదే తీసుకుంటానన్నాను. అప్పుడు ఓజ్బెయ్ ఒక కాగితం ముక్క తీసి, గొట్టానికీ కింది పిడికీ మధ్య దూర్చాడు. మూతి దగ్గర నుంచి బోల్టు దాకా కాగితం అడ్డు లేకుండా జారింది.

"చూశారా? గొట్టం దేన్నీ తాకదు, గాల్లో ఉంటుంది. తాకకూడదు. రాయి మీదైనా, సంచీ మీదైనా ఈ పిడినే ఆనించండి. గొట్టాన్ని ఆనిస్తే తూటా పైకి పోతుంది. సన్నటి గొట్టం, తప్పు ఓర్చుకోదు."

గాష్పెర్ ఆ కాగితం లాక్కుని తానే ఒకసారి జరిపి చూశాడు. "ఊఁ" అని నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని జేబులో వేసుకున్నాను.

ఇసుక సంచుల మీద పెట్టి కాల్చి గురి సరిచేసుకున్నాను. తూటాలన్నీ ఒకే చోట పడ్డాయి. గాష్పెర్ చూసి ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే బాగున్నట్టే.

శరత్తు చివర, గాలి పొడిగా ఉన్న రోజున ఎక్కాం. ముందు నేను, వెనక వాడు, వాడి వెనక ఆరా. తుపాకీ ఉన్నట్టే లేదు. చేతిలో మా నాన్న కర్ర ఉంది. నాకన్నా పొడుగు. గట్టి యాష్ చెట్టు కర్ర, అడుగున ఇనప మేకు. మేం కొండవాళ్ళమంతా అలాంటి కర్రతోనే ఎక్కుతాం, దిగుతాం, దాన్నే ఆసరా చేసుకుని కాలుస్తాం. కూర్చుని, కర్రను ఏటవాలుగా నేలలో గుచ్చి, కర్రనూ తుపాకీనీ కలిపి ఎడమ పిడికిట్లో బిగిస్తాం. మా నాన్న నేర్పింది అదే. మామగారి బరువు తుపాకీ దానికి ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

"నెమ్మది బావా, నువ్వు పోతే ఎవరు మోస్తారు? నేనైతే మొయ్యను."

"దొర్లించు" అన్నాను.

లోయ అవతలి గట్టు మీద ముసలి మేక కనిపించింది. ఒంటరిది. కొమ్ములు లావు, మొహం మీద చారలు వెలిసిపోయాయి. చాలాసేపు చూశాను. పొదల్లోంచి పిల్ల రాలేదు. పొదుగు లేదు. గాష్పెర్ దూరం కొలిచే యంత్రం కంటికి పెట్టుకున్నాడు.

"మూడొందల మీటర్లు దాటింది. చేతకాకపోతే చెప్పు, దిగిపోదాం. చలేస్తోంది."

నేను కూర్చున్నాను. కర్ర గుచ్చాను. ఎడమ చెయ్యి అలవాటున దానంతట అదే పోయింది. కర్రనూ గొట్టాన్నీ కలిపి పిడికిట్లో పట్టింది. విరిగిన ఎముక లాగుతోంది, ఇంకా గట్టిగా బిగించాను. పక్కన గాష్పెర్ ఊపిరి ఒక్క క్షణం ఆగినట్టు వినిపించింది. వాడు ఏమీ అనలేదు. నేను కాల్చాను.

మేక నాలుగు కాళ్ళూ పైకెత్తి అక్కడికక్కడే పడిపోయింది.

"పడింది" అన్నాడు గాష్పెర్. వాడి గొంతులో సంతోషం లేదు.

నేను అప్పటికే బోల్టు లాగుతున్నాను. మేక అలా పిడుగు తగిలినట్టు పడటం మంచి గుర్తు కాదు. వెన్ను పైన తగిలితేనే అలా పడుతుంది. అనుకున్నట్టే లేచింది. రెండో తూటా దించేలోగా నేలబారు పైన్ పొదల్లో దూరిపోయింది.

అప్పుడు నా చెయ్యి చూసుకున్నాను. అది ఇంకా గొట్టం మీదే ఉంది.

గాయపడిన జంతువును వదిలి దిగడం మాలో లేదు. లోయ దిగి అవతల ఎక్కాం. ఆరా ముక్కు నేలకానించి పోయింది. గాష్పెర్ దాని తాడు పట్టుకుని, దారి పొడుగునా మేకకు కాకుండా నాకు శాపనార్థాలు పెడుతూ నడిచాడు. మధ్యాహ్నం వాలాక ఆరా ఒక బండ కింద ఆగి మొరిగింది. మేక అక్కడ పడుకుని ఉంది. లేవలేకపోతోంది. రెండో దెబ్బ దగ్గరి నుంచి కొట్టాను. దాని మొహంలోకి చూసే కొట్టాను.

టోపీ తీశాను. పైన్ రెమ్మ ఒకటి విరిచి మేక నోట్లో పెట్టాను. చివరి ముద్ద. గాష్పెర్ మరో రెమ్మ విరిచి, దాని రక్తంలో ముంచి, తన టోపీ మీద పెట్టి నా ముందు చాపాడు. కొట్టినవాడికి ఆ రెమ్మ సాక్షి ఇవ్వాలి, ఇచ్చాడు. వాడి మొహం పులిసిన క్యాబేజీ లాగా ఉంది.

"మంచి చూపు" అన్నాడు. వేట పడ్డాక మా వేటగాళ్ళు చెప్పుకునే మాట అది.

"వేటగాడి ధన్యవాదం" అన్నాను.

"సగం విరువు బావా. కనిపెట్టింది నా కుక్క. సగం నాది."

అది నిజం. గాయపడిన జంతువును వెతికిన కుక్క ఉంటే రెమ్మలో సగం కుక్క యజమానిది. సగం రెమ్మ టోపీలో పెట్టుకుని దిగితే, మొదటి దెబ్బ సరిగ్గా పడలేదని అడక్కుండానే అందరికీ తెలుస్తుంది. విరిచి ఇచ్చాను. వాడు దాన్ని అందరికీ కనపడేట్టు ముందు వైపు గుచ్చుకున్నాడు.

సంఘం ఇంట్లో అందరూ ఉన్నారు. బేరిపండ్ల సారా పోస్తున్నారు. గాష్పెర్ టోపీ తియ్యకుండానే బల్ల దగ్గర కూర్చున్నాడు. రొజాలియా ఆ సగం రెమ్మను చూసింది.

"ఎన్ని దెబ్బలు యెర్నెయ్?"

"రెండు."

"మొదటిది?"

"వెన్ను పైన."

నేను జేబులోంచి గుడిసె తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాను. గాష్పెర్ కళ్ళు దాని మీదే ఉన్నాయి. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. వాడి నోరు ఊరుకోదు.

"ఎలా కొట్టాడో చూడాలి మీరు!" అని మూలనున్న చీపురు కర్ర తెచ్చాడు. కూర్చుని, పొయ్యి కడ్డీని తుపాకీ చేసి, రెండూ కలిపి పిడికిట్లో పట్టుకున్నాడు. "ఇదిగో, ఇలా! రెల్లు పుల్లంత గొట్టం అది. మా నాన్న తుపాకీ అనుకున్నాడు మారాజు! దుకాణదారు చెప్పాడు, గొట్టం ముట్టుకోవద్దని, నేను విన్నాను. ఆ చెయ్యి అక్కడ పడగానే అనుకున్నా, పోయింది రా తూటా ఆకాశానికి అని!"

అందరూ పగలబడి నవ్వారు. రొజాలియా నవ్వలేదు.

"పడగానే అనుకున్నావా?"

"పడగానే."

"పేలకముందేనా?"

నవ్వు బల్ల ఆ చివర నుంచి ఈ చివరకు ఆగిపోతూ వచ్చింది. గాష్పెర్ కడ్డీ కింద పెట్టాడు.

"నేను సాక్షిని అక్కా. పాఠాలు చెప్పేవాణ్ణి కాదు. అది ఆయన తుపాకీ, ఆయన చెయ్యి."

"తుపాకీ తప్పుగా పట్టడం చూస్తే ఆపాలి. సాక్షిని పంపేదే అందుకు. నీకు మీ బావ మీద కోపం ఉంటే ఆయన్ని కొట్టు. మేకను పొద్దంతా వెన్ను గాయంతో పాకేట్టు చేస్తావా?"

"చెయ్యి నాదే" అన్నాను. అడగకుండా నేను మాట్లాడటం అక్కడెవరూ ఎరగరు.

"నీ సంగతి తర్వాత" అంది రొజాలియా. "గాష్పెర్, ఆ రెమ్మ తియ్యి."

"కుక్క నాది!"

"కుక్కదే రెమ్మ. నీది కాదు."

లేచి వాడి టోపీలోంచి ఆ సగం రెమ్మ లాగింది. వంగి, బల్ల కింద పడుకున్న ఆరా మెడ పట్టీకి గుచ్చింది. ఆరా దాన్ని వాసన చూసి మళ్ళీ పడుకుంది. ఎవరో నవ్వబోయి గ్లాసు అడ్డం పెట్టుకున్నారు.

తాళం నా వైపు జరిపి రొజాలియా అంది: "వచ్చే శరత్తు దాకా. మళ్ళీ ఒక మేక, ఒకే దెబ్బ. సాక్షి మళ్ళీ ఇతనే. ఈసారి నోరు తెరుస్తాడు. దారి పొడుగునా ఎలాగూ తెరిచే ఉంచుతాడుగా."

గుమ్మం దగ్గర గాష్పెర్ నా భుజాన్ని, సరిగ్గా విరిగిన చోటే, తోసుకుంటూ పోయాడు.

"మా నాన్న తుపాకీతో అయితే గురి కుదిరేది" అన్నాడు. "నీకు కాదు, నాకు."

"నువ్వు ఎక్కితే కదా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే పెరట్లో మా నాన్న కర్రను మొద్దు మీద పెట్టి రంపం పట్టాను. నా పిడికిలి, అంతకుముందు ఆయన పిడికిలి అరగదీసిన చోటే కోశాను. రెండు ముక్కలకూ పైన చిల్లి పొడిచి, బూటు తాడు దూర్చి, కత్తెరలా తెరుచుకునేట్టు కట్టాను. మంచు పట్టిన గడ్డి మీద కూర్చుని, ఆ కత్తెరలో కొత్త తుపాకీ ముందు పిడి పెట్టాను. ఎడమ చెయ్యి తీసి మోకాలి కింద పెట్టుకున్నాను. దుకాణం కాగితం ఇంకా జేబులో ఉంది. దాన్ని గొట్టం కింద దూర్చి లాగాను. బోల్టు దాకా జారింది.