పచ్చ గొట్టం

రాజమండ్రి వీధుల్లో కరెంటు స్తంభాలు పీకి, తీగలన్నీ భూమిలోకి దించుతున్న రోజులవి. ఈ పనికి గుత్తేదారు గొట్టాలకు రంగులు పెట్టుకున్నాడు. ఎర్రదాంట్లోనూ పసుపుదాంట్లోనూ కరెంటు కేబుళ్లు. ఆకుపచ్చది ఖాళీ, ఎప్పుడో రాబోయే ఇంటర్నెట్ వైర్ల కోసం. ఈ భాగవతమంతా నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితంలో ఉంది. తవ్వేవాళ్లలో దాన్ని చదవగలిగినవాడు ఒక్కడూ లేడు.

సూపర్‌వైజరు ప్రసన్నకుమారి ఆ కాగితాన్ని మడిచి సంచిలో పడేసి, తన కింద పనిచేసే ఎనిమిది మందినీ నిలబెట్టి ఒక్క ముక్కలో తేల్చేసింది.

"పచ్చది తప్ప ఇంకే గొట్టం మీదా రంపం పెట్టకండి."

అందరూ తలలూపారు. నాలుగు పేజీలను ఒక్క మాటలోకి దించినందుకు ఆమెకు లోపల కాస్త గర్వంగానే ఉంది. మనిషి మంచిదే కానీ నోరు ఎక్కువ. సోమవారం కోటగుమ్మం దగ్గరికి రావలసిన కేబులు లారీ బుధవారం వచ్చిందని, డ్రైవరు హరిబాబుని పదిమందిలో నిలబెట్టి కడిగేసింది.

అదే వారం శనివారం ఉదయం ఆమె పక్క వీధిలో గుంటల లోతు కొలుస్తుంటే మేస్త్రీ బుల్లియ్య ఫోన్ చేశాడు. కోరుకొండ వైపు మనిషి, మట్టి పనిలో ముప్ఫయ్యేళ్ల అనుభవం.

"మేడంగారండీ, ఇక్కడ కేబుళ్లు కలిపే తొట్టి కట్టడానికి పచ్చ గొట్టం అడ్డంగా ఉందండి. కోసెయ్యమంటారా?"

"కోసెయ్యండి బుల్లియ్యగారూ. ఇంకోటి ముట్టుకోకండి."

"ఆయ్. మట్టి తుడిస్తే ఏం పచ్చగా ఉందనుకున్నారండి. నిన్న శుక్రవారం మా ఆవిడ గడపకి రాసినట్టే ఉందండి."

ప్రసన్నకుమారి నవ్వి ఫోన్ పెట్టేసింది. టేపు చుడుతూ నాలుగడుగులు వేసి ఆగిపోయింది. వాళ్లది లూథరన్ క్రైస్తవ కుటుంబం, వాళ్లింట్లో గడపకి ఏమీ రాయరు. అయినా పక్కిళ్ల గడపలు చూస్తూనే పెరిగింది. గడపకి రాసేది పసుపు. ఆకుపచ్చ ఎవరూ రాయరు.

వెంటనే ఫోన్ చేసింది. మోగుతోంది కానీ ఎత్తడం లేదు. వీధంతా తవ్వి ఉంది, స్కూటరు కదలదు. మట్టి కుప్పల మీదుగా పరుగెత్తింది. ఆమెకు భయం వేసింది.

బుల్లియ్య చొక్కా గుంట పక్కన కంచెకి వేలాడుతోంది. దాని జేబులో ఫోను మోగుతూనే ఉంది. మనిషి గుంటలో మోకాళ్ల మీద కూర్చుని పసుపు గొట్టాన్ని కోస్తున్నాడు.

"బుల్లియ్యగారూ, రంపం తియ్యండి."

గొంతులో ఏం వినిపించిందో, అతను ఠక్కున తీసేశాడు. గొట్టం మీద గోరు దిగేంత గాటు పడింది. ఇంకో పదిసార్లు లాగి ఉంటే రంపం లోపల కరెంటు పారుతున్న కేబులుకి తగిలేది.

"ఏంటండి, మీరేగా కొయ్యమన్నారు?"

"నేను చెప్పింది పచ్చది."

"ఇది పచ్చదేగా అండి."

"మరి ఆ పక్కది?"

"అది ఆకురంగండి. దాని జోలికే పోలేదండి, మీరు వద్దన్నారుగా."

కామెర్లని పచ్చకామెర్లంటాం, గుడ్డులో పచ్చసొన అంటాం. అతను అన్నదాంట్లో తప్పేముంది? ఆమె మాట పొల్లు పోకుండా విన్నాడు, అంతే. ఆమె మట్టికుప్ప మీద కూలబడింది. అతను పైకెక్కి వచ్చి, చేతులు లుంగీకి తుడుచుకుని, తన మంచినీళ్ల సీసా అందించాడు. ఆమె మొహం చూసి జాలిపడినట్టున్నాడు.

"కంగారు పడకండి. మంగళవారం కోటగుమ్మం కాడ కూడా పచ్చదే కోశానండి. ఏం కాలేదు."

ఆమె సీసా దించేసింది. సోమవారమే లారీ వచ్చి ఉంటే, ఆ రాత్రికే కేబులు లాగి లైను ఇచ్చేసేవాళ్లు. మంగళవారం బుల్లియ్య కోసిన గొట్టంలో కరెంటు పారుతూ ఉండేది.

ఆమె ఫోన్ తీసి హరిబాబుకి కలిపింది. ఏం చెప్పాలో తనకే తెలియదు. అతను రెండో రింగుకే ఎత్తాడు.

"దారిలోనే ఉన్నానండి మేడంగారూ. ఈసారి ఒక్క నిమిషం కూడా ఆలస్యం అవదండి."