మూల తొట్టి

సత్యమ్మ గాజుతొట్టి అంచు మీద గోటితో తట్టింది. చేపపిల్లలన్నీ ఉలిక్కిపడి చెల్లాచెదురయ్యాయి. పిల్లలు మంచివే అనుకుని చిటికెడు మేత చల్లి పక్క తొట్టికి జరిగింది. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన ఆమె వేళ్లు ఎప్పుడూ ముడతలు పడే ఉంటాయి.

వనపర్తి కాలేజీ ల్యాబులో ఈ పని దొరకకముందు ఆమె బతుకంతా గద్వాల దగ్గర చేపపిల్లల కేంద్రంలోనే గడిచింది. పెళ్లయిన ఏడే అక్కడ కుదిరింది. మొగుడి కర్మ అయిన మర్నాడే మళ్లీ నీళ్లలోకి దిగింది. గిరగిరా తిరిగే పిల్లను ఏరెయ్యాలి, లేకుంటే రోగం చెరువంతా పాకుతుందని అక్కడి మాట. అలా ఏరడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఆమెను ఎవరైనా మెచ్చుకున్నది ఆ ఒక్క పనికే.

మూల తొట్టిని మాత్రం ఇన్నాళ్లూ సుప్రియ మేడమే చూసుకుంది. ఆమె మూడేళ్ల పరిశోధన అందులోనే ఉందట. పొద్దున మీటింగుకని నాగర్‌కర్నూల్ వెళ్తూ, "పిల్లలు జర పైలం సత్తెమ్మక్కా. నిన్ను నమ్మి పోతున్న" అంది. తనను నమ్మి ఒకరు ఏదైనా అప్పగించడం సత్యమ్మకు కొత్త. కడుపు నిండినట్టయింది.

మూల తొట్టిని తట్టింది. సగం పిల్లలు బెదరలేదు. గింగిరాలు తిరుగుతూనే ఉన్నాయి. మిగతావైనా దక్కాలని చిన్న వల తీసుకుని, కళ్లు చిట్లించుకుని, తిరిగేవాటిని ఒక్కటి వదలకుండా ఏరింది. పెరట్లో గుంత తీసి పూడ్చింది.

సాయంత్రం సుప్రియ రాగానే ఎదురెళ్లింది.

"తిరిగేటియి ఏరిపారేసిన మేడం. మంచియి బతికినయి."

సుప్రియ తొట్టి ముందు కూలబడింది.

"తిరిగేటియే నాకు గావాలె అక్కా. చేప చెవి లోపల సన్నని వెంట్రుకలు కొన్ని ఇటు, కొన్ని అటు మొగం పెట్టి ఉంటయి. వీటికి పుట్టుకతోనే అన్నీ ఒక్క దిక్కే, గందుకే తిరుగుతయి. ఎందుకు గట్లయితదో చూస్తున్న. తల్లిచేపలు గూడ సచ్చిపోయినయి. ఇంక దొరకయి."

"గది రోగం కాదా?"

"కాదక్కా. అంటదు."

సత్యమ్మ తన చేతుల వంక చూసుకుంది. అవి తనవి కానట్టు అనిపించాయి.

"మరి గద్వాలల నేను ఏరినయి?"

"తెల్వదు."

సుప్రియ ఒక్క మాట కూడా తిట్టలేదు. సత్యమ్మ తట్టుకోలేకపోయింది అందుకే. ల్యాబు తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

కిటికీలో ఆమె గుడ్డమూట ఉండిపోయింది. అందులో తనకూ మేడానికీ అని తెచ్చిన జొన్నరొట్టెలు, తునక కూడా తుంచకుండానే బిరుసెక్కాయి.